ఏడో తొట్టిని ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, మాది కావలి పక్కన ఒక పల్లె. ఫిషరీస్‌లో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. మేతలో కలిపే ఒక ప్రొబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల పొడి లాంటిది) వనామి రొయ్యలకు పనికొస్తుందా లేదా అనేది నా థీసిస్. మొత్తం 12 సిమెంటు తొట్లు. ఆరింటికి ప్రొబయోటిక్ కలిపిన మేత, ఆరింటికి మామూలు మేత, 60 రోజులు. 31వ రోజు రాత్రి కరెంటు పోయి, జనరేటర్ వెంటనే ఆన్ కాక, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి. ప్రొబయోటిక్ వేసే ఏడో తొట్టిలో సగానికి పైగా చచ్చిపోయాయి, మామూలు మేత వేసే పదో తొట్టిలో కూడా కొన్ని పోయాయి. బరువు, సర్వైవల్ (ఎన్ని బతికాయి), ఎఫ్‌సీఆర్ (కిలో పెరగడానికి ఎంత మేత పట్టింది), నీళ్ళలో అమ్మోనియా, విబ్రియో అనే బ్యాక్టీరియా కౌంట్, ఈ అయిదూ పదిహేను రోజులకోసారి చూశాను. ఎక్కడా తేడా రాలేదు. మా గైడ్ గారు ఏడో తొట్టి తీసేసి లెక్క వేయమన్నారు. తీస్తే 60వ రోజు సర్వైవల్‌లో పీ వాల్యూ 0.04 వచ్చింది (0.05 లోపు వస్తే తేడా ఉన్నట్టు లెక్క). ‘అదే మన మెయిన్ ఆబ్జెక్టివ్ అని రాసెయ్’ అన్నారు. పదో తొట్టి మాత్రం ఉంచమన్నారు. బరువు లెక్కలో ఏడో తొట్టిని కూడా ఉంచమన్నారు, అందులో మిగిలిన రొయ్యలు బాగా పెరిగాయి కాబట్టి. హైదరాబాద్‌లో చదివే నా ఫ్రెండ్ ‘ముందే ప్లాన్ రాసి ప్రీరిజిస్టర్ చేసుంటే ఈ గొడవే ఉండేది కాదు’ అంటోంది. గైడ్ గారిని అడిగితే అదంతా మందుల కంపెనీలకేననీ, ముందే బయటపెడితే ఐడియా ఎవరో ఒకరు కొట్టేస్తారనీ అన్నారు. ఆయన చెడ్డవారు కాదు సార్, నా మంచి కోరే చెప్తున్నారు. ఏమీ రాలేదని రాస్తే డిగ్రీ ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు, పోనీలే, కరెంటు పోవడం ప్రొబయోటిక్ తప్పు కాదు కదా, ఆ తొట్టి తీసేస్తే ఏమైంది అనిపించింది. రెండోసారి పదో తొట్టి దగ్గర ఆగిపోయాను. అదే రాత్రి, అదే కరెంటు, అదే జనరేటర్. ఒకదాన్ని తీస్తాం, ఇంకోదాన్ని ఉంచుతాం. పైగా సర్వైవల్ దగ్గర గెంటేసిన తొట్టిని బరువు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ లోపలికి పిలుస్తాం. సగం రొయ్యలు పోయాక మిగిలినవాటికి చోటూ మేతా దండిగా దొరికి బలిశాయి, అంతే. కావలి దిక్కున పుట్టినదానివి, రొయ్యలు పల్చగా ఉన్న గుంటలో ఒక్కో రొయ్య బరువెక్కి కౌంటు బాగుంటుందని నీకు నేను చెప్పాలా?

కాబట్టి ముందు సూటిగా చెప్తాను. ఏడో తొట్టిని తీసెయ్యొద్దు. సర్వైవల్ మెయిన్ ఆబ్జెక్టివ్ అని ఇప్పుడు కొత్తగా రాయొద్దు. డిగ్రీ సంగతికొస్తే, తేడా రాలేదన్న కారణానికి థీసిస్ ఆపిన ఎగ్జామినర్‌ని నేనైతే చూడలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేక తెల్లమొహం వేసినవాళ్ళకు అవస్థలు రావడం మాత్రం చూశాను.

ఇక ప్రీరిజిస్ట్రేషన్ గురించి. దాన్ని నేను ఏ పుస్తకంలోనో కాదు, కోవూరు దిక్కున ఒక వరిమడిలో నేర్చుకున్నాను, అప్పుడు దానికి ఆ పేరుందని తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పంట కోత ప్రయోగాలకు వెళ్ళేవాణ్ణి. ఊళ్ళో ఏ సర్వే నంబరు, ఆ మడిలో మూల నుంచి పొడుగునా ఎన్ని అడుగులు, అడ్డంగా ఎన్ని అడుగులు, ఇదంతా ర్యాండమ్ నంబర్ల పట్టిక చూసి కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. అడుగులు వేసుకుంటూ పోయి ఆగిన చోట మేకు కొట్టి, తాడు లాగి, అయిదు మీటర్లకు అయిదు మీటర్ల చదరం కట్టి, అందులో ఉన్నది మాత్రమే కోసి, నూర్చి, తూకం వెయ్యాలి. ఆ తూకమే ఊరి దిగుబడి లెక్కలోకి పోతుంది, పంటల బీమా కూడా దాని మీదే నడుస్తుంది.

ఆ రోజు నా అడుగులు ఆగిన చోట పైరు పడిపోయి ఉంది. ముంపు తగిలిన పట్టీ. చుట్టూ మడి మాత్రం ఏపుగా, కంకులు బరువుకు వంగి, చూడముచ్చటగా ఉంది. మడి గలాయన పెద్దమనిషి, పొద్దున్నే కొబ్బరి బోండాం కొట్టి ఇచ్చిన మనిషి. ‘సార్, ఇది చూసి మా మడంతా ఇంతేననుకుంటారు, రోంత అట్టా జరగండి’ అన్నాడు. నాక్కూడా నిజమేననిపించింది. ఈ మూల పట్టీ మడిని చూపించదు కదా, పది అడుగులు పక్కకు పోతే అసలు పంట తెలుస్తుంది కదా అనుకున్నాను. మోసం చేస్తున్నాననే ఆలోచనే రాలేదు. జరిగాను. తూకం బాగా వచ్చింది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే లెక్క తట్టింది: పాతిక చదరపు మీటర్లలో ఒక్క కిలో తేడా అంటే ఎకరానికి 160 కిలోల పైన, మన 850 కిలోల పుట్టి లెక్కలో దాదాపు అయిదో వంతు. ఊరికి నాలుగే ప్రయోగాలు. ఆ ఏడు ఆ ఊళ్ళో ముంపు తగిలినవాళ్ళు ఇంకా ఎందరున్నారో నాకేం తెలుసు, నా పది అడుగులు వాళ్ళ బీమా లెక్క మీద ఎంత పడ్డాయో ఇప్పటికీ తెలియదు.

తమాషా ఏందంటే, తర్వాత ఇంకో ఊళ్ళో సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ మేకు బాగా పండిన చోట పడింది, ‘ఇక్కడొద్దు సార్, ఆ ఎండిన పక్క కోయండి, అప్పుడే బీమా వస్తుంది’ అన్నారు. ఈసారి జేబులోంచి కాగితం తీసి చూపించాను. ‘ఇదిగో, నిన్న ఆఫీసులో రాసుకున్న అడుగులు, నేనేం చెయ్యలేను’ అన్నాను. గొణిగారు గానీ గొడవ పడలేదు. ఆ కాగితం రైతు మీద అనుమానంతో పెట్టింది కాదు. మడి గట్టు మీద నిలబడ్డాక ఎవడికైనా ఏదో ఒక పక్క ‘అసలైన పంట’లా కనిపిస్తుంది, చూసే వాడి అవసరాన్ని బట్టి ఆ పక్క మారుతుంది. నీ గైడ్ గారు చెడ్డవారు కాదని నువ్వు రాసిన మాట నేను నమ్ముతున్నాను. నేనూ చెడ్డవాణ్ణి కాదు, మేకు మాత్రం జరిపాను.

ప్రీరిజిస్ట్రేషన్ అంటే ఆ కాగితమే. సీడ్ (రొయ్య పిల్లల్ని) వదలక ముందే, ఏం చూడబోతున్నాను, ఎన్ని తొట్లు, ఏ రోజు కొలత నాకు ముఖ్యం, లెక్క ఎట్టా వేస్తాను, ఏం జరిగితే ఏ తొట్టిని పక్కన పెడతాను అని రాసి, తేదీ పడి మళ్ళీ దిద్దడానికి వీల్లేని చోట పెట్టడం. దీన్ని ఏదో పెద్ద సిద్ధాంతం లాగా చెప్తే భయపడతారు, ఉన్నది ఇంతే.

ఇప్పుడు నీ 0.04 సంగతి చూద్దాం. అయిదు కొలతలు, నాలుగు సార్లు, మొత్తం ఇరవై పోలికలు. ఆ ప్రొబయోటిక్ ఉత్త మట్టే అనుకో, ఏమాత్రం పని చెయ్యదనుకో. అయినా ఒక్కో పోలికలో 0.05 లోపు రావడానికి నూటికి అయిదు వంతుల అవకాశం ఎటూ ఉంటుంది. ఇరవై పోలికలు వేస్తే ఎక్కడో ఒక చోట అట్టాంటిది తగలడానికి అవకాశం నూటికి 64. నీ కొలతలు ఒకదానికొకటి ముడిపడినవి కాబట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ కథ మారదు. దానికి పైన తొట్టి తీస్తే ఒక లెక్క, ఉంచితే ఒక లెక్క. ఇన్ని సార్లు పాచికలు వేశాక ఒక్కటి పడింది, అది కూడా 0.04. ఇరవై పోలికలకు కట్టుదిట్టంగా సరిచేసుకుంటే 0.0025 లోపు రావాలి. నీది ఆ దరిదాపుల్లో కూడా లేదు. ‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు’ అంటారు చూడు, ఇక్కడ నాలుగో కాలు ఏడో తొట్టిలో ఉంది.

ఇది నీ ఒక్కదాని సమస్య కాదులే. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే ముగ్గురు సైకాలజీ వాళ్ళు కావాలనే ఒక వెర్రి ఫలితం పుట్టించి చూపించారు: ఒక పాట విన్న కాలేజీ పిల్లల వయసు, ఇంకో పాట విన్నవాళ్ళ కంటే ఏడాదిన్నర దాకా తగ్గిపోయిందట! అభిప్రాయం మారడం కాదు, అసలు వయసే. అంకెల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎప్పుడు ఆపాలి, ఏ కొలతలు బయటికి చెప్పాలి, ఏవి దాచాలి అనేవి తమ ఇష్టానికి వదిలేసుకున్నారు, అంతే. అట్టాంటి వెసులుబాట్లు నాలుగు కలిపితే, ఏమీ లేని చోట ఏదో ఉన్నట్టు తేలే అవకాశం నూటికి 61 దాకా పోతుందని లెక్క కట్టి చూపించారు. గైడ్ గారికి సైకాలజీ అంటే పడకపోవచ్చు, కానీ పీ వాల్యూకి రొయ్య, మనిషి తేడా తెలియదు.

‘అదంతా మందుల కంపెనీలకే’ అన్నారు కదా, ఆ మాటలో సగం నిజం ఉంది, మొదలైంది అక్కణ్ణుంచే. ఎందుకు మొదలైందో తెలిస్తే మిగతా సగం ఆయనకే అర్థమవుతుంది. డిప్రెషన్ మందుల మీద, మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 అధ్యయనాలను టర్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 2008లో తవ్వి తీశారు. ఎఫ్‌డీఏ లెక్కలో 38 బాగా వచ్చాయి, వాటిలో 37 పత్రికల్లో అచ్చయ్యాయి. మిగిలిన 36 బాగా రాలేదు, లేదా ఎటూ తేలలేదు. వాటిలో 22 అసలు అచ్చే కాలేదు, 11 మాత్రం బాగా వచ్చినట్టు కనిపించేలా అచ్చయ్యాయి, ఉన్నదున్నట్టు రాసినవి మూడంటే మూడే. పత్రికలు మాత్రమే చదివే డాక్టరుకు ఏ మందు రాసినా తిరుగులేదన్నట్టే ఉంటుంది మరి.

ఇట్టాంటి గోల వల్లనే మెడికల్ జర్నల్స్ ఎడిటర్లు 2004లో ఒక మాట మీదికొచ్చారు. ముందే నమోదు చెయ్యని ట్రయల్‌ని (మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాన్ని) అచ్చు వెయ్యం, 2005 జూలై నుంచి ఇదే రూలు అన్నారు. మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కింద సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి చేశారు. అయినా మనవాళ్ళు తెలివైనవాళ్ళు కదా, పనంతా అయిపోయాక తీరిగ్గా నమోదు చేసేవాళ్ళు ఉండేవాళ్ళు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ దారి కూడా మూసేశారు, మొదటి పేషెంటు చేరకముందే నమోదైతేనే తీసుకుంటారు. ఒంగోల్లోనో నెల్లూరులోనో మెడికల్ పీజీ చేస్తున్న పిల్లలెవరైనా తెలిస్తే సీటీఆర్ఐ నంబరంటే ఏందో అడుగు, చెప్తారు. కంపెనీలకే కాదు, వాళ్ళ థీసిస్‌లకూ అక్కడ నమోదు ఉంది.

దాని వల్ల ఏం మారింది అంటావా? నాకు బాగా గుర్తుండిపోయిన లెక్క ఒకటుంది. గుండె జబ్బుల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి డబ్బు పెట్టిన పెద్ద ట్రయల్స్‌ని కాప్లాన్, ఇర్విన్ అనే ఇద్దరు 2015లో వరసగా పేర్చి చూశారు. 2000కు ముందు అచ్చయిన 30లో 17 ట్రయల్స్‌లో మందు పనిచేసిందని వచ్చింది. ఏది ముఖ్యమైన కొలతో ముందే నమోదు చెయ్యాలన్న పద్ధతి వచ్చాక, 25లో రెండే. మందులన్నీ ఒక్కసారిగా పాడైపోయాయా? ఒక్క నమోదు వల్లనే ఇంత తేడా వచ్చిందని ఒట్టేసి చెప్పలేం, ఇంకా కారణాలు ఉండొచ్చు. కానీ మేకు జరపడానికి వీల్లేకపోయాక దిగుబడి తగ్గిందంటే, నాలాంటి వాడికి ఆశ్చర్యమేం ఉండదు.

మన జిల్లాలోనే చూశాం కదా. 2021 మేలో కోవిడ్‌కని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం ఎట్టా ఎగబడ్డారో నీకు గుర్తుండే ఉంటుంది, రోడ్ల మీద అంబులెన్సులు, కార్లు, ఎక్కడెక్కడి వాళ్ళో. తగ్గినవాళ్ళు వీడియోల్లో మాట్లాడారు, తగ్గనివాళ్ళ వీడియో ఎవరు తీస్తారు? తర్వాత ఆయుర్వేద శాస్త్రవేత్తలు వాడినవాళ్ళకు ఫోన్లు చేసి వివరాలు కనుక్కున్నారు, మందువల్ల హాని లేదన్నారు, కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి రుజువు లేదనీ అన్నారు. ఆ మందుతో పాటు ఇచ్చే కంటి చుక్కలకు మాత్రం ప్రభుత్వం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. ఆ మందు మంచిదా కాదా అనే తగాదాలోకి నేను దిగను, మా వీధిలో రెండు పక్షాలూ ఉన్నాయి, రెండింటితోనూ నాకు పనుంది. నేను చెప్పేది ఒకటే: వాడేసిన తర్వాత, ఎవరు దొరికితే వాళ్ళను, ‘నీకు తగ్గిందా’ అని అడిగి ఏదీ తేల్చలేం. ముందే ఇంతమందిని రాసుకుని, సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా, ఫలానా రోజున అందరినీ చూస్తాం, పోయినవాళ్ళనూ లెక్కలోకి తీసుకుంటాం అని పెట్టుకుంటేనే ఏదో ఒకటి తెలుస్తుంది. జనం ప్రాణభయంలో ఉన్నప్పుడు అది కుదరలేదు. నీకు అంత తొందరేం లేదు కదా, నీవి తొట్లు.

నీ థీసిస్ లైబ్రరీలో దుమ్ము కొట్టుకుంటుందని అనుకోకు. విడవలూరు, అల్లూరు దిక్కున ఏ ఆక్వా షాపుకైనా పోయి చూడు, ప్రొబయోటిక్ డబ్బాల మీద ‘ప్రయోగాల్లో నిరూపితమైనది’ అని ఉంటుంది. నీ ‘సర్వైవల్ పెరిగింది’ అన్న ఒక్క వాక్యం చాలు అట్టాంటి డబ్బా మీదికి ఎక్కడానికి. ఏడో తొట్టి సంగతి డబ్బా మీద ఉండదు. మేతకే అప్పు పెట్టి బతికే రైతు, రొయ్యల పట్టుబడి దాకా ఎట్టాగో లాక్కొస్తున్న రైతు, దాన్ని చూసి ఇంకో ఖర్చు నెత్తిన వేసుకుంటాడు.

మరి కొత్తగా కనిపించింది చూడకూడదా, ముందు రాసుకోనిదేదీ చెప్పకూడదా అంటే, అట్టా ఎవరూ అనలేదు. అసలు మన ప్రాంతంలోనే ఒక పెద్ద సంగతి వెతుకుతూ పోతే బయటపడిందే. ఇప్పటి ప్రకాశం వైపు పల్లెలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి మనుషుల బిగుసుకుపోయిన నడుములు, మచ్చలు పడ్డ పళ్ళు చూసి, కారణం తాగేనీళ్ళలోని ఫ్లోరైడ్ అని షార్ట్ అనే డాక్టరు, తోటివాళ్ళు 1937లో రాశారు. దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదికల్లో అదొకటి. దర్శి, పొదిలి, కనిగిరి దిక్కున ఆ బాధ ఇప్పటికీ తెలుసు. కళ్ళు తెరుచుకుని చూడబట్టే అది దొరికింది. కనబడిన దాన్ని ‘ఇది మాకు ఇప్పుడు కనబడింది, మళ్ళీ పరీక్షించాలి’ అని చెప్తే అంతకంటే మర్యాద లేదు. ‘మేం మొదటి నుంచీ దీన్నే వెతుకుతున్నాం’ అని రాయడంలోనే తేడా వస్తుంది.

ఐడియా కొట్టేస్తారన్న భయం గురించి: ఓఎస్ఎఫ్ అనే ఉచిత సైటులో నమోదు చేసుకుంటే నాలుగేళ్ళ దాకా ఎవరికీ కనబడకుండా దాచుకోవచ్చు. యాజ్‌ప్రిడిక్టెడ్ అని ఇంకోటుంది, కొద్ది ప్రశ్నలకు జవాబులు రాస్తే చాలు, నువ్వు బయటపెట్టేదాకా గుట్టుగానే ఉంటుంది. నిజానికి తేదీతో సహా నీ పేరున కాగితం ఉంటే, రేపు ఎవడైనా కొట్టేసినా ఇది ముందు నాదే అని చూపించడానికి నీ దగ్గరే రుజువుంటుంది. ఎక్కడా నమోదు చెయ్యకుండా నీలోనే దాచుకుంటే దొంగకు ఇబ్బంది లేదు. వైద్యం కాదు కాబట్టి సీటీఆర్ఐ జోలికి నువ్వు పోనక్కర్లేదు.

అయితే దీన్ని తాయెత్తు లాగా కట్టుకుంటే పని జరగదు. ‘ప్రొబయోటిక్ ప్రభావం చూస్తాం’ అని ఒక్క ముక్క రాసి నమోదు చేస్తే దానికీ థీసిస్ మొదట్లో ఇచ్చే నీ సినాప్సిస్‌కీ తేడా లేదు, అందులో ఎన్ని మేకులైనా జరపొచ్చు. పేరున్నవాళ్ళు కూడా జారతారు. 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ అనే పత్రికలో, ప్రీరిజిస్ట్రేషన్ లాంటి మంచి పద్ధతులు పాటిస్తే ఫలితాలు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయని ఒక పేపరు వచ్చింది, రాసినవాళ్ళలో ఈ ఉద్యమంలో పెద్ద తలకాయలున్నాయి. తీరా చూస్తే, ఆ పేపర్లోని ప్రధానమైన లెక్కనే ముందు నమోదు చెయ్యలేదని తేలి, 2024లో వెనక్కి తీసుకున్నారు. నాకైతే అది చదివి నవ్వొచ్చింది, తర్వాత కొంచెం ధైర్యం కూడా వచ్చింది. కాగితం బహిరంగంగా ఉండబట్టే కదా ఎవరో పోల్చి చూసి పట్టుకోగలిగారు.

ఇప్పుడు నీ పని. ఈ పంటకు ప్రీరిజిస్ట్రేషన్ ఇక కుదరదు, వెనక తేదీ వేసే ఆలోచన కూడా చెయ్యొద్దు. కానీ పారదర్శకంగా రాయడానికి ఇంకా ఆలస్యం కాలేదు. మొదట 12 తొట్లతో, ముందు అనుకున్నట్టే లెక్క వేసి అదే ముఖ్య ఫలితంగా పెట్టు. పక్కనే ఏడోది తీసేస్తే ఏం వస్తుందో, ఏడూ పదీ రెండూ తీసేస్తే ఏం వస్తుందో కూడా చూపించు, అన్ని కొలతలకూ, బరువుతో సహా. 0.04 ని దాచొద్దు, ‘డేటా చూసిన తర్వాత తొట్టి తీసి వేసిన లెక్క’ అని పక్కనే రాయి. ఇంకో మాట, కరెంటు పోయింది 31వ రోజు కదా, 30వ రోజు కొలతల మీద ఆ రాత్రి మచ్చ లేదు. ఏ తొట్టినీ తియ్యకుండా నీ ప్రొబయోటిక్ గురించి శుభ్రంగా చెప్పగలిగిన మాట ఏదైనా ఉంటే అది అక్కడే ఉంది. ఎవరూ దాన్ని చూడమనలేదేంటో! అది కూడా తర్వాత ఎంచుకున్నదేనని రాయాలనుకో. అట్టాగే ఒక్కో తొట్టిలో ముప్పయ్యో నలభయ్యో రొయ్యలు తూచి ఉంటావు, వాటన్నిటినీ విడివిడి అంకెలుగా లెక్కలో వెయ్యలేదు కదా? నీకున్నవి ఈ పక్క ఆరు తొట్లు, ఆ పక్క ఆరు తొట్లు. వందల రొయ్యలు కాదు. ఈ తప్పు పెద్ద పెద్ద పేపర్లలో కూడా చూస్తుంటాను, చిరాకేస్తుంది. తొట్టివారీ అసలు అంకెలన్నీ వెనకాల అనుబంధంగా పెట్టు, వీలైతే డేటా దాచి అందరికీ చూపించే జెనోడో లాంటి సైటులో కూడా పెట్టు, ఉచితమే.

గైడ్ గారితో ఎట్టా మాట్లాడాలి అనేది నాకూ కష్టమైన ప్రశ్నే. ‘మోసం’, ‘నీతి’ అనే మాటలు ఎత్తకు, ఎత్తితే నీ మాట వినేవాళ్ళు ఉండరు. నోట్‌బుక్ పట్టుకెళ్ళి, ‘సార్, ఏడోది తీసి పదోది ఎందుకు ఉంచావని బయటి ఎగ్జామినర్ అడిగితే నేనేం చెప్పాలి’ అని నిజంగా సందేహం ఉన్నట్టే అడుగు. సందేహం ఉంది కూడా కదా. మూడు రకాల లెక్కలున్న పట్టిక ఆయన ముందు పెట్టు. చాలామంది ఆ పట్టిక చూశాక మెత్తబడతారు, తమ పేరు కూడా ఆ అట్ట మీద ఉంటుంది కాబట్టి. మెత్తబడకపోతే, మాట నోటితో ఆగకుండా ఒక మెయిల్‌గా అడుగు, మర్యాదగా.

తేడా రాకపోతే అచ్చు వెయ్యరన్న బెంగ ఇదివరకంత అక్కర్లేదు. రిజిస్టర్డ్ రిపోర్ట్ అని ఒక పద్ధతుంది, 2013లో కార్టెక్స్ అనే జర్నల్ మొదలుపెట్టింది, ఇప్పుడు వందల జర్నల్స్‌లో ఉంది. ప్రయోగం చెయ్యకముందే ప్లాన్ పంపిస్తే, బాగుంటే ‘ఫలితం ఏదొచ్చినా వేస్తాం’ అని మాటిస్తారు. సైకాలజీలో ఆ దారిన వచ్చిన పేపర్లను 2021లో లెక్క చూస్తే, అనుకున్నది నిజమైంది నూటికి 44 లోనే, మామూలు దారిన వచ్చిన పేపర్లలో నూటికి 96. నూటికి 96 సార్లు అనుకున్నదే జరిగే పని ఏ రైతుకైనా ఎరికేనా?

మళ్ళీ పంట వేసే అవకాశం వస్తే, సీడ్ రాకముందే ఒక్క పేజీ రాయి. ముఖ్యమైన కొలత ఒక్కటే, ఏ రోజుదో చెప్పాలి. ఏ తొట్టికి ఏ మేతో చీటీలు తీసి తేల్చాలి, ఆ చీటీలు నువ్వు కాకుండా వేరేవాళ్ళు తియ్యాలి. ఏరేటర్ ఇన్ని నిమిషాలకు మించి ఆగితే ఆ తొట్టి, అది ఏ పక్కదైనా సరే, అన్ని లెక్కల్లోంచీ పోతుందని రాసుకో. తూకం వేసేవాళ్ళకు ఏ తొట్టిది ఏ మేతో తెలియకూడదు. ఇది చాదస్తం అనుకోకు. చేతివలలోంచి తీసిన రొయ్యను ఎంతసేపు గుడ్డలో అద్దుతావు? ఒకసారి గట్టిగా అద్ది తూచి, మళ్ళీ తడిపి ఊరికే దులిపి తూచి చూడు, పది గ్రాముల రొయ్యకు తేడా ఎంతొస్తుందో. మనకిష్టమైన తొట్టి రొయ్యని మనం కొంచెం సున్నితంగానే అద్దుతాం, మనకు తెలియకుండానే.

అన్నట్టు, 31వ రోజు రాత్రి కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది అనేది నీ నోట్‌బుక్‌లో రాసుకున్నావా? నీ ఉత్తరంలో లేదు. రాయకపోతే రేపే సబ్‌స్టేషన్‌కు పోయి అడుగు, వాళ్ళ లాగ్ బుక్‌లో ఫీడరు వారీగా టైము ఉంటుంది. జనరేటర్ వేసిన వాచ్‌మన్‌ని కూడా విడిగా అడుగు, ఏ వరస ఏరేటర్లు ముందు తిరిగాయో అతనికే తెలుసు. ఏడూ పదీ ఒకే లైను మీద ఉన్నాయా లేదా అన్నది తేలితే ఆ పట్టిక కింద రాయాల్సిన మాట నీకే దొరుకుతుంది.